పాంచాలంకురిచ్చి కుర్రవాడికి ఒక రాయి

ఆ కుర్రవాడి పేరు ఎక్కడా రాసి లేదు. పాంచాలంకురిచ్చి కోటకు దగ్గర్లోని ఏదో పల్లె వాడిది. 1801 మే 24న కోట పడిపోయినప్పుడు దెబ్బతిని నేలకూలాడు. చివరగా తల్లితో ఒక మాట అన్నాడు. తెలిసినదంతా ఇంతే. ఇంత కొంచెం మీద మా మేనమామకూ నాకూ చాన్నాళ్ళుగా వాదన నడుస్తోంది.

మామది మధుర. బళ్ళో తమిళంలో చరిత్ర పాఠం చెప్పి రిటైరయ్యారు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ చదవడం, రాయడం తమిళమే. నేను కోయంబత్తూరులో కాపురముంటున్నాను. మాది రాజకంబళం కులం వాళ్ళ ఇల్లు. జక్కమ్మ మా కులదైవం. మామ ఇప్పుడు గుడి ఆవరణలో ఆ కుర్రవాడికి వీరకల్లు నిలబెడతానంటున్నారు. దాని మీద ఒక పేరు చెక్కించాలని పట్టు పట్టారు. నేను ఒప్పుకోలేదు.

పాంచాలంకురిచ్చి పాళెగాడు కట్టబొమ్మన అంటే తెలుగునాట 1959 నాటి శివాజీ గణేశన్ సినిమా, 'వీరపాండ్య కట్టబ్రహ్మన'గా వచ్చిన దాని తెలుగు రూపం గుర్తొస్తాయి. కట్టబొమ్మనను 1799 అక్టోబరు 16న కయత్తారులో ఉరితీశారు. మా కుర్రవాడి కథ ఆ తరువాతది. కట్టబొమ్మన తమ్ముడు ఊమైదొరకు మాట సరిగా రాదు. ఈస్టిండియా కుంపిణీవాళ్ళు అతన్ని పాళయంకోట చెరలో పెట్టారు. 1801 ఫిబ్రవరి 2న చెర దాటి వచ్చేశాడు. అంతకుముందు నేలమట్టం చేసిన కోటను ఊరి జనమంతా కలిసి కొద్దిరోజుల్లోనే మట్టితో మళ్ళీ లేపారు. మార్చి 31న మేజర్ మెకాలే సైన్యం ఆ గోడ ఎక్కలేక వెనక్కి పోయింది. మే నెలలో కర్నల్ ఆగ్న్యూ పెద్ద ఫిరంగులు తెచ్చి గోడ పగలగొట్టాడు. బయటపడి పారిపోతున్నవాళ్ళను గుర్రపు దళం వెంటాడి నరికింది.

ఆ తరువాత జరిగింది మనకు చెప్పినవాడు ఆ ముట్టడిలో ఉన్న ఇంగ్లీషు అధికారి జేమ్స్ వెల్ష్. 1830లో అచ్చయిన తన జ్ఞాపకాల పుస్తకంలో రాశాడు. పల్లె ఆడవాళ్ళు తమవాళ్ళను వెతుక్కుంటూ శవాల మధ్యకు వచ్చారు. ఒక తల్లికి కొడుకు కొనఊపిరితో కనిపించాడు. లేవదీయబోతే వాడు, నన్నిట్లాగే పోనీ, నా పక్కన పడి ఉన్న స్వామిని బతికించు అన్నాడట. స్వామి అంటే ఊమైదొర. ఆ తల్లి, తోటి ఆడవాళ్ళు కలిసి ఊమైదొరను మోసుకుపోయారు. వెతుక్కుంటూ కుంపిణీ పక్షాన ఉన్న ఎట్టయాపురం మనుషులు వచ్చేసరికి అతని మీద తెల్లగుడ్డ కప్పి, అమ్మవారు పోసి చనిపోయాడని ఏడ్పు లంకించుకున్నారు. మసూచి పేరు వినగానే వచ్చినవాళ్ళు దగ్గరికి రాకుండా వెళ్ళిపోయారు.

మామ: కోటకు కాస్త ఎడంగా తెల్లవాళ్ళ సమాధులు ఉన్నాయి, చూశావు గదా పాపా. 1799లోనూ 1801లోనూ మనవాళ్ళ చేతిలో చచ్చిన అధికారులవి. రాళ్ళ మీద పేరు, హోదా చెక్కి పెట్టారు. ఇన్నేళ్ళు ఎండకూ వానకూ నిలిచాయి. మనవాళ్ళ కోటను మాత్రం దున్నించారు, ఊరి పేరు కూడా లెక్కల్లోంచి కొట్టేశారు. ఊరిమీదికి వచ్చినవాడికి పేరు ఉండాలి, ఊరికి అడ్డం నిలబడినవాడికి ఉండకూడదు. ఇది న్యాయమేనా?

నేను: న్యాయం కాదు. కానీ మనం కల్పించిన పేరుతో ఆ అన్యాయం తీరదు మామా. ఏ పేరు చెక్కిస్తారు?

మామ: చెప్పుకునేవాళ్ళు తలా ఒక పేరు చెబుతున్నారు. పెద్దవాళ్ళను కూర్చోబెట్టి ఒకటి తేలుస్తాం.

నేను: తేల్చడమంటే నలుగురు తలూపడమే. మనవలు దాన్నే చరిత్ర అనుకుంటారు. ఆ తరువాత ఆయన మా వంశమంటే మా వంశమని కుటుంబాలు పోట్లాడుకుంటాయి. కుర్రవాడు ఒక పక్షానికి జెండా కర్ర అవుతాడు. బతికి ఉండగా వాడిని ఏమని పిలిచారో అది పోయింది. దాని చోట ఇంకొకటి పెడితే పోయిందన్న సంగతి కూడా పోతుంది.

మామ: పేరు లేనివాడికి దీపం ఎట్లా పెట్టేది? ఏమని మొక్కేది? గాల్వాన్ లోయలో 2020 జూన్ 15 రాత్రి 20 మంది పోయారు. సూర్యాపేట కర్నల్ సంతోష్ బాబు, మన రామనాథపురం జిల్లా హవిల్దార్ పళని ఒకే రాత్రి పోయారు. ఒకరు తెలుగు తల్లి బిడ్డ, ఒకరు తమిళ తల్లి బిడ్డ. ఇద్దరి పేర్లూ ఢిల్లీ యుద్ధ స్మారకం గోడల మీదికి ఎక్కాయి. 2019లో ఆ స్మారకం తెరిచినప్పుడే దాదాపు 26 వేల పేర్లు చెక్కి ఉన్నాయి. సర్కారు కూడా చివరికి తెలుసుకున్న సంగతి అదేనమ్మా. మందను కాదు, మనిషిని తలుచుకోవాలి.

నేను: అదే ఢిల్లీలో 1972 నుంచి యాభై ఏళ్ళు ఇండియా గేటు కింద అమర్ జవాన్ జ్యోతి వెలిగింది. తలకిందులుగా నిలిపిన తుపాకీ, దాని మీద ఒక టోపీ. ఆ జ్యోతి పీఠం మీద ఏ సిపాయి పేరూ లేదు. అందరూ మొక్కారు.

మామ: అది అందరిదీ. నాకు వీడు కావాలి.

ఈ మాటకు నేను వెంటనే బదులు చెప్పలేదు. నిజానికి నాకు కావలసిందీ వీడే. తేడా ఎక్కడంటే, మామకు వాడు చచ్చిపోయిన క్షణం చాలు. నాకు అంతకుముందున్న ఇరవై ఏళ్ళో, పద్దెనిమిదేళ్ళో, ఎన్నయితే అన్నేళ్ళు కావాలి. ఆ మాటే పల్నాటి మీదుగా చెప్పాను. ఇద్దరం కలిసి ఒకసారి కారెంపూడి వెళ్ళాం. కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు అక్కడ వీరుల ఉత్సవం చేస్తారు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. కల్లిపాడు నాడు ఆచారవంతులు వీరుల ఆయుధాలతో వచ్చి యుద్ధంలో కూలినట్టు నేల మీద పడిపోతారు. మామ అక్కడ నిలబడి కళ్ళు తుడుచుకున్నారు.

మామ: చూశావు గదా. ఎనిమిది వందల ఏళ్ళ నాటి చావును మొన్న జరిగినట్టు పడి చూపిస్తున్నారు. బాలచంద్రుడని పేరుండబట్టే అది నిలిచింది. కంబళం వాళ్ళ పిల్లలు దేవరాట్టం ఆడతారు, ఉరుమి మోగిస్తే ఒళ్ళు పులకరిస్తుంది. కానీ ఆ ఆటలో మా కుర్రవాడు ఎక్కడ?

నేను: బాలచంద్రుడు పేరుతో నిలవలేదు మామా, కథతో నిలిచాడు. వాడి బొంగరాలాట మనకు తెలుసు. పోరుకు పోనివ్వకుండా ఆపాలని తల్లి ఐతాంబ పడిన అవస్థ తెలుసు. మాంచాల తెలుసు. బతుకంతా ముందు చెప్పి, ఆ తరువాత చావు చెప్పారు. అందుకే కల్లిపాడు నాడు పడిపోయేది ఎవరో చూసేవాళ్ళకు తెలుస్తుంది. మన కుర్రవాడికి మనం చావు ఒక్కటే మిగిల్చాం. వాడి చావులో కూడా వాడు లేడు, ఊమైదొర ఉన్నాడు. వీడు దొర కథలో ఒక వాక్యం.

మామ: బతుకు ఎక్కడి నుంచి తెస్తావు? కల్పన వద్దన్నదానివి నువ్వే గదా.

నేను: కల్పన అక్కర్లేదు, నేలను అడిగితే కొంత చెబుతుంది. అది నల్లరేగడి. వాన మీద బతికే పత్తి, సజ్జ. పాళెగాడి సైన్యంలో చాలామంది నెల జీతం సిపాయిలు కారు. ఊరి కావలి కాస్తూ, ఇచ్చిన భూమి దున్నుకుంటూ, పిలుపు వస్తే ఈటె పట్టి వచ్చే రైతులు. ఊమైదొర చెర దాటి వచ్చింది ఫిబ్రవరిలో. పత్తి ఏరే కాలం మొదలయ్యే రోజులు. చేలో ఉండవలసిన కుర్రవాళ్ళు కోటకు మట్టి మోశారు. ఆ గోడ ఎట్లా ఉండేదో వెల్షే రాశాడు. ఫిరంగి గుళ్ళు పడ్డా అంత తేలిగ్గా లొంగని మట్టి గోడ. దాని వెనక మనిషికి మూడింతల పొడవు ఈటెలతో జనం. మార్చి 31న గోడ చీలిక మీదికి ఎక్కినవాళ్ళను ఆ ఈటెలే నెట్టేశాయి. మన కుర్రవాడు మట్టి తట్ట మోశాడో, ఈటె పట్టాడో, రెండూ చేశాడో. ఆ నాలుగు నెలలు వాడి బతుకులో ఉన్నాయి. రాతి మీద చెక్కాలంటే నేను అది చెక్కిస్తాను.

మామ: మట్టి తట్టా! వీరకల్లు మీద మట్టి తట్ట చెక్కినవాళ్ళు ఉన్నారా?

నేను: మనం చెక్కిస్తే ఉంటారు.

మామ కాసేపు నొచ్చుకున్నారు. ఆయన బాధ నాకు తెలుసు. వీరత్వాన్ని కూలిపని కిందికి దింపుతున్నానని ఆయనకు అనిపించింది. నాకు అనిపించేది వేరు. గోడ లేకపోతే మార్చి గెలుపు లేదు. గోడ కట్టింది దొర ఒక్కడు కాదు.

మామ: సరే, నాలుగు నెలలు నువ్వు చెప్పినట్టే ఉండనీ. వాడు చివరకు అన్న మాటను మాత్రం తక్కువ చేయకు. ఊమైదొరకు మాట రాదు. అయినా జనం ఆయన వెంట ఎట్లా పోయారు? వెల్ష్ రాసిందే చెబుతాను. ఆయన ఎడమ అరచేతిలో చిన్న చిన్న గడ్డిపరకలు పేర్చి, ఇవి ఇంగ్లీషువాళ్ళు అని సైగ చేసేవాడు. కుడిచేత్తో ఒక్క తుడుపు తుడిచి, నోటితో బుస్సుమని ఊదేవాడు. జనం లేచేవాళ్ళు. శత్రువు కూడా ఆశ్చర్యపడి రాసుకున్న మనిషి అమ్మా ఆయన! అటువంటివాడి కోసం ఒక కుర్రవాడు తన ప్రాణం పక్కన పెట్టాడు. దీన్ని మించిన వీరకథ ఏముంది?

నేను: ఆ మాట కొన్నది ఎంత కాలాన్ని? మే 24 నుంచి నవంబరు 16 వరకు. ఆ రోజు ఊమైదొరను పాంచాలంకురిచ్చిలోనే ఉరితీశారు. ఆరు నెలలు కూడా నిండలేదు.

మామ: ఆ ఆరు నెలల్లో ఏం జరిగిందో చెప్పు మరి! దొర శివగంగ మరుదు సోదరుల దగ్గరికి చేరాడు. జూన్ 16న చిన్న మరుదు తిరుచ్చి కోట గోడ మీద ప్రకటన అంటించాడు, కులం మతం చూడకుండా జనమంతా ఏకమై తెల్లవాళ్ళను తరమాలని. 1857కు 56 ఏళ్ళు ముందు మాట ఇది. కాళైయార్‌కోవిల్ అడవుల్లో నెలల తరబడి పోరు నడిచింది. అక్టోబరు 24న మరుదు సోదరులను తిరుప్పత్తూరులో ఉరితీసేదాకా కుంపిణీవాడు కంటినిండా నిద్రపోలేదు. అందులో ఊమైదొర ఉన్నాడు. ఉన్నాడంటే ఆ కుర్రవాడి మాట వల్ల ఉన్నాడు.

ఈ వాదనకు నేను తలవంచాను. కాలం తక్కువైనంత మాత్రాన దాని విలువ తగ్గదు. కానీ ఇందులోనే నాకు ఇంకో ముల్లు ఉంది.

నేను: వెతుక్కుంటూ వచ్చిన ఎట్టయాపురం మనుషులు ఎవరు మామా?

మామ: తెలిసే అడుగుతున్నావు.

నేను: ఎట్టప్ప నాయకుడి మనుషులు. వాళ్ళ పాళెగాళ్ళూ కట్టబొమ్మన లాగా కంబళం వాళ్ళే. ఆడవాళ్ళు తెల్లగుడ్డ కప్పి ఏడ్చిన ఏడుపు వచ్చినవాళ్ళలో కొందరి ఇళ్ళలోనూ వినపడే భాషే. కుంపిణీ మద్రాసు సైన్యంలోని సిపాయిలు ఎవరు? వాళ్ళలోనూ ఎందరో తెలుగువాళ్ళు. ఉత్తరాదిన సిపాయికి తిలంగా అన్న పేరు ఊరికే రాలేదు. రాతి మీద మీరు తెలుగు వీరుడని చెక్కిస్తే, గోడకు అవతల చచ్చిన తెలుగు సిపాయికి ఏమని చెబుతారు? వాడికీ తల్లి ఉంది. వాడి పేరూ ఆ తెల్ల అధికారుల రాళ్ళ మీద లేదు.

మామ: ద్రోహినీ వీరుడినీ ఒక గాటన కడతావా?

నేను: జీతం కోసం పోయిన పేదవాడిని ద్రోహి అనడానికి నాకు నోరు రాదు. మా కోయంబత్తూరు సంగతి చూడండి. 1800 జూన్ 3న కుంపిణీ దళాన్ని దెబ్బతీయాలని వచ్చినవాళ్ళు పట్టుబడ్డారు, 42 మందిని ఉరితీశారు. వాళ్ళలో హిందువులు ఉన్నారు, ముస్లింలు ఉన్నారు. ఆ పథకం వెనక విరూపాక్షి గోపాల నాయకుడి కూటమి ఉంది. నాయకుల పేర్లు పుస్తకాలకెక్కాయి. మిగతావాళ్ళు 42 అన్న అంకెలో కలిసిపోయారు. వాళ్ళను కులంవారీగా పంచుకుంటే ఎవరికి ఎంతమంది వస్తారు?

మామ దీనికి జవాబు చెప్పలేదు. కాసేపటికి తెలుగు అన్న మాట చెక్కించనన్నారు. "ఊరివాడు అని రాస్తాం, చాలు" అన్నారు. పేరు సంగతి మాత్రం వదల్లేదు.

అప్పుడు నేను తల్లి సంగతి ఎత్తాను. అసలు ఇన్నాళ్ళ వాదనలో నేను చెప్పదలచింది అదే.

నేను: కొడుకు అన్న మాట గురించి ఇంత మాట్లాడాం. విన్న మనిషి గురించి ఒక్కరైనా మాట్లాడారా? ప్రాణం ఉన్న కొడుకును అక్కడే వదిలి, పరాయి బిడ్డను భుజాన వేసుకు నడిచింది. ఆ తరువాత కొడుకు కోసం తిరిగి వెళ్ళిందా? అప్పటికి ఊపిరి ఉందా? శవమైనా దొరికిందా? వెల్ష్ రాయలేదు. మనవాళ్ళూ అడగలేదు. దొరను ఎట్లా దాచారో, మసూచి అని ఎట్లా నమ్మించారో మురిసిపోతూ చెప్పుకుంటాం. అక్కడ బయట పడి ఉన్న కుర్రవాడిని కథలో కూడా వదిలేసి వస్తున్నాం మామా.

మామ: ఆమె కొడుకు మాట నిలబెట్టింది. అంతకన్నా తల్లి ఏం చేయగలదు?

నేను: చేయగలదు. వాడి మాట వినకుండా వాడినే ఇంటికి తెచ్చుకోగలదు. ఎవరూ తప్పుపట్టరు. అలా చేయకపోవడం ఆమె తేల్చుకున్న విషయం. వాడిది దెబ్బతిని పడినవాడి మాట. ఆమెకు ఒళ్ళంతా తెలివి ఉంది, ఏం పోగొట్టుకుంటోందో తెలుసు. జక్కమ్మ, బొమ్మక్క నిప్పులో దూకారని కొలుస్తాం. ఈమె నిప్పులో దూకలేదు. ఇంటికి వెళ్ళి, దాచినవాడికి నీళ్ళు పోసి, గంజి పెట్టి, ఆ పైన ఎన్నేళ్ళు బతికిందో ఆ మాటతోనే బతికింది. కొడుకు బతుకు మొత్తం తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. వాడి పేరు తెలిసిన చివరి మనిషి కూడా ఆమే అయి ఉండవచ్చు. పేరు మనం పెట్టకూడదని నేను అంటున్నది అందుకే. వాడికి పేరు పెట్టింది ఆమె.

మామ లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చారు. వచ్చి, రాతి మీద పేరు వద్దులే అన్నారు. అంతటితో తగువు తీరిందనుకున్నాను. తీరలేదు.

మామ: వీరకల్లు అంటే మూడు అంతస్తులు. కింద పోరు, నడుమ వీరుడిని దేవకన్యలు తీసుకుపోవడం, పైన కైలాసం. తరతరాల పద్ధతి అది. నీ మట్టి గోడ, ఈటెలు కింది అంతస్తులో పెట్టిస్తాను. దానికి ఒప్పుకుంటున్నాను.

నేను: నడుమ దేవకన్యలు వద్దు. తల్లి ఉండాలి. కొడుకు మీదికి వంగి వింటున్న తల్లి.

మామ: వీరకల్లు మీద తల్లిని చెక్కడం నేనెక్కడా చూడలేదు. వీరుడు ఏడుపు మధ్య ఉండకూడదు పాపా. స్వర్గానికి పోయాడని చూపించాలి. లేకపోతే చూసే పిల్లలకు ఏం ధైర్యం వస్తుంది? రేపు సైన్యానికి పోయే కుర్రవాడు ఆ రాయి ముందు నిలబడతాడు.

నేను: వాడి అమ్మ కూడా నిలబడుతుంది మామా. ఆమెకు దేవకన్యలను చూపిస్తారా?

మామ: ఊరివాళ్ళు ఒప్పుకోరు.

నేను: ఊళ్ళో ఆడవాళ్ళను అడిగారా?

మామ: లేదు.

నేను: పాంచాలంకురిచ్చి జక్కమ్మ తిరునాళ్ళు మే నెలలో గదా. ఊరూరి నుంచి కంబళం ఆడవాళ్ళు వస్తారు. శిల్పికి బయానా ఇచ్చే ముందు అక్కడ వాళ్ళను అడుగుదాం. వాళ్ళు దేవకన్యలే కావాలంటే నేను నోరెత్తను.

మామ: అడుగు. నా మాట నేనూ చెబుతాను.